మంత్రి గారికి బహిరంగ లేఖ: ఆల్చిప్పకి రెండో గీత ఎక్కడి నుంచి తెమ్మంటారు?

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. ఆగిపోయిన మా పరిశోధన గ్రాంటు రెండో విడత కోసం మెయిల్స్ పెట్టాం, రిజిస్టర్డ్ పోస్టు పంపాం, మా గైడ్ గారి లెటర్‌హెడ్ మీద వివరణలు ఇచ్చాం. వేటికీ జవాబు లేదు. పోర్టల్‌లో పెట్టిన ఫిర్యాదుకి మాత్రం "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో మాకూ తెలియదు, ఫోన్ ఎత్తిన గుమాస్తా గారికీ తెలియదు. అందుకే నలుగురూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. స్కీం నిబంధనలు మీకు నేను చెప్పేదేముంది, అవి మీ శాఖ రాసినవే.

కాకినాడ తీరపు క్రీకుల్లో ఆల్చిప్పల (ఆయిస్టర్ల) మీద మా పని. వర్షాకాలంలో గోదావరి నీళ్లు వచ్చి పడి ఉప్పదనం ఒక్కసారిగా తగ్గిపోతే, ఆ ప్రాణి మొప్పల్లో, చిప్పను కట్టే మాంటిల్ పొరలో, జీన్లని అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏల్లో ఏవి పెరుగుతాయి, ఏవి తగ్గుతాయి అన్నది ప్రశ్న. ప్రాజెక్టు మంజూరు చేసింది మీరే. మొదటి విడత ఇచ్చారు. ఖర్చు పెట్టి, ఆడిట్ చేయించి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాం. రెండో విడత మాత్రం ఆగిపోయింది. దానికి మీ శాఖ రాసిన కారణం ఒకే ఒక్క వాక్యం: ఆర్‌ఎన్‌ఏ నాణ్యత సంతృప్తికరంగా లేదు, 28ఎస్ గీత కనిపించడం లేదు, వివరణ ఇవ్వవలెను.

ఇచ్చాం సార్. మనిషిదో ఎలుకదో ఆర్‌ఎన్‌ఏ తీసి జెల్ మీద నడిపిస్తే రెండు గీతలు వస్తాయి, పైన 28ఎస్, కింద 18ఎస్. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల్లోని పెద్ద ఆర్‌ఎన్‌ఏలు ఇవి. ఆల్చిప్పల్లో ఆ 28ఎస్ మధ్యలో సహజంగానే ఒక తెగిన చోటు ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏని వేడి చేయగానే అది రెండు ముక్కలై, రెండూ దాదాపు 18ఎస్ సైజులోనే ఉండటం వల్ల వెళ్లి దాని పక్కనే కూర్చుంటాయి. కనిపించేది ఒకే గీత. చాలా పురుగుల్లోనూ ఇంతే. దశాబ్దాలుగా తెలిసిన సంగతి ఇది. ఆర్‌ఎన్‌ఏ నాణ్యతకి మెషీన్ ఇచ్చే ఆర్‌ఐఎన్ మార్కు రెండు గీతల లెక్క మీద తయారైంది కాబట్టి, మంచి శాంపిల్‌కి కూడా ఆల్చిప్ప దగ్గర సరైన మార్కు రాదు. ఇదంతా రాసి, పేపర్లు జతచేసి పంపాం. కొన్నాళ్లకి అదే ప్రశ్న తిరిగొచ్చింది. అదే వాక్యం, అందులో అదే అక్షర దోషం. మళ్లీ వివరణ. మళ్లీ అదే ప్రశ్న. ఒకసారి ఫోన్లో ఒక అధికారి సానుభూతిగా ఒక సలహా కూడా ఇచ్చారు: "రెండు గీతలు వచ్చే శాంపిల్ ఏదైనా ఒకటి పెట్టేయొచ్చు కదా, ఫైల్ కదులుతుంది." పెట్టొచ్చు సార్. పక్క ల్యాబ్‌లో ఎలుకలున్నాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అప్లీసియా అని సముద్రపు నత్త ఒకటుంది. జ్ఞాపకశక్తి మీద పనిచేసిన శాస్త్రవేత్త కాండెల్ గారికి 2000లో నోబెల్ తెచ్చిపెట్టిన ప్రాణి. 2012లో ఆయన ల్యాబ్ వాళ్లే దాని నాడీకణాల్లో పైఆర్‌ఎన్‌ఏలు అనే ఒక రకం చిన్న ఆర్‌ఎన్‌ఏలు చూశారు. సెరటోనిన్ అనే నాడీ రసాయనం తగలగానే ఒక పైఆర్‌ఎన్‌ఏ పెరిగి, జ్ఞాపకానికి అడ్డుపడే క్రెబ్2 అనే జీన్‌ని మూసేస్తుందని, దాంతో జ్ఞాపకం నిలబడుతుందని తేల్చారు. ఎముక లేని నత్తకి పాత సంగతి గుర్తుంచుకునే ఏర్పాటు ఉంది. మేం పోయిన ఏడాది పంపిన వివరణ మీ సెక్షన్‌లో ఎవరికీ గుర్తుండదు.

ఫైల్ ఇలా తిరుగుతుంటే ఇక్కడ ఏం జరుగుతోందో చెప్తాను. వరదకి ముందు, వరద రోజుల్లో, నీరు తీశాక తీసిన శాంపిల్స్ అన్నీ మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉన్నాయి. పడవ మీదే చిప్ప కీలు దగ్గర కత్తి దూర్చి తెరిచి, మాంటిల్ అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క కోసి, వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో వేస్తాం. ఆలస్యమైతే ఎంజైములు ఆర్‌ఎన్‌ఏని తినేస్తాయి. అంత జాగ్రత్తగా తెచ్చిన వాటిని సీక్వెన్సింగ్‌కి, అంటే ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు చదివించడానికి, పంపడానికే రెండో విడత. డబ్బు లేదు కాబట్టి అవి అలాగే ఉన్నాయి. వేసవిలో కరెంటు పోయిన ప్రతిసారీ టెన్షనే. జనరేటర్ డీజిల్‌కి గ్రాంటులో పద్దు లేదు, మా గైడ్ గారు జేబులోంచి పోయిస్తున్నారు. ఒక రాత్రి కంప్రెసర్ ఆగిపోయింది. పొద్దున చూస్తే డిస్‌ప్లే మీద మైనస్ 31.

మీ సెక్షన్‌కి ఇది మరీ పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. మేం వెతికే చిన్న ఆర్‌ఎన్‌ఏల్లో ఒక రకమైన మైక్రో ఆర్‌ఎన్‌ఏ పొడవు 22 అక్షరాలు, అటూ ఇటూ ఒకటి రెండు. పైఆర్‌ఎన్‌ఏ ఇంకాస్త పొడుగు. శాంపిల్ పాడైతే పెద్ద ఆర్‌ఎన్‌ఏలు చితికి, ఆ తుక్కు కూడా ఇదే సైజులో పోగుపడుతుంది. అప్పుడు సీక్వెన్సింగ్‌లో ఏది అసలో ఏది తుక్కో విడదీయడం మహా కష్టం. అంటే మీరు ఉందంటున్న నాణ్యత లోపం మీ ఆలస్యం వల్ల నిజంగానే వచ్చేలా ఉంది. అప్పుడు మీ ప్రశ్న కరెక్టే అవుతుంది, అభినందనలు.

"గుల్లల ఆర్‌ఎన్‌ఏతో దేశానికేం ఒరుగుతుంది?" అని కూడా అడిగారు, ఫోన్లోనే. మైక్రో ఆర్‌ఎన్‌ఏ కనిపెట్టిన ఆంబ్రోస్, రవ్‌కున్ గార్లకి 2024లో నోబెల్ వచ్చింది, వాళ్లు చూసింది మిల్లీమీటరు పొడవున్న పురుగుని. సరే, గుల్లల సంగతే మాట్లాడదాం. ఆల్చిప్పకి మనలా యాంటీబాడీలు లేవు, టీకా వేసి వదిలేయడానికి లేదు. 2008 నుంచి ఫ్రాన్సులో హెర్పిస్ రకం వైరస్ పిల్ల ఆయిస్టర్లని కుప్పలుగా చంపింది. తర్వాత అక్కడి వాళ్లు జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ లాంటి పదార్థం ఎక్కించి చూస్తే ఆ వైరస్‌ని నెలల తరబడి తట్టుకున్నాయి. చైనా వాళ్లు ముత్యపు చిప్పల్లో మిఆర్-29ఎ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ మోతాదు పెంచితే ముత్యపు పొరల అమరిక చెదిరిపోయిందని 2015లోనే రాశారు. మన దేశంలో 1973లోనే తూత్తుకుడిలో గుండ్రటి ముత్యం పండించారు. సాగులో అంత ముందుగా మొదలుపెట్టి, ఆ మెరుపుని నడిపించే ఆర్‌ఎన్‌ఏల గురించి పక్క దేశం పేపర్లలో చదువుకుంటున్నాం. తెల్లమచ్చ వైరస్ రొయ్యల చెరువుల్ని ఊడ్చేసిన జిల్లాలో కూర్చుని ఇది రాస్తున్నాను, ముందే చదివి పెట్టుకోకపోతే ఏమవుతుందో ఇక్కడ వేరే చెప్పక్కర్లేదు.

2022లో బెర్లిన్ శాస్త్రవేత్తలు ఆక్టోపస్‌లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు లెక్కపెట్టారు. ఆయిస్టర్, ఆక్టోపస్ ఒకే పూర్వీకుడి నుంచి విడిపోయాక ఆక్టోపస్ కొత్తగా 90 సంపాదించుకుంది, ఆయిస్టర్ అయిదు. వాళ్లకి శాంపిల్స్ నేపుల్స్ నుంచి వచ్చాయి. మాకు ప్రాణి పడవ దూరంలోనే ఉంది. దూరంగా ఉన్నది రెండో విడతే.

ఫెలోషిప్ ఊసు ఎత్తకూడదనుకున్నాను, కానీ ఎత్తుతున్నాను. జేఆర్‌ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000 అని 2023లో పెంచారు, సంతోషం. కాగితం మీద పెరిగింది, మా ఖాతాలో మాత్రం నెలల తరబడి సున్నా. నాకంటే నా జూనియర్ పరిస్థితి దారుణం, హాస్టల్ మెస్ బాకీకి ఇంటి దగ్గర అబద్ధం చెప్పి డబ్బు తెప్పించుకుంటోంది. కిట్ల సంగతి సరేసరి. 2022 జూలైలో పరిశోధన సామగ్రికి 5 శాతం ఉన్న జీఎస్టీ 18కి పోయింది, మీరిచ్చిన బడ్జెట్ మాత్రం పాత ధరలదే. మార్చి 31 లోపు ఖర్చు పెట్టమని మాకు ఉత్తర్వులు వస్తాయి. విడత ఎప్పటిలోపు విడుదల చేయాలో మీకు ఎవరు ఉత్తర్వు ఇస్తారో తెలిస్తే ఆయనకే రాసేవాళ్లం.

మేం అడిగేది పెద్దదేం కాదు. ఆ ఫైల్‌ని నత్త గుల్లల మీద ఎప్పుడైనా పనిచేసిన ఒక్కరి చేత చదివించండి. అరగంట చాలు. విడత విడుదల చేయండి. ఫెలోషిప్ బకాయిలు ఇప్పించండి. విడత ఇవ్వలేమంటే అదైనా ఒక లైన్ రాసి పంపండి, ఇంకో ప్రశ్న మాత్రం పంపకండి సార్, దయచేసి. పంపినా ఫరవాలేదు, కొత్త ప్రశ్న పంపండి.

గోదావరికి మళ్లీ నీళ్లొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఈ సీజన్ శాంపిల్స్ తీయకపోతే పోయినేడాదివి ఒంటరివై లెక్కకు నిలబడవు. పడవ నడిపే రాజు గారికి మేం పాత బాకీ ఉన్నాం, ముందు అది తీర్చితేనే తీసుకెళ్తానన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం, ఆయనది కూడా రెండో విడత సమస్యే.

ఇట్లు,
భవదీయుడు,
కాకినాడ తీరాన పనిచేస్తున్న ఒక రీసెర్చ్ స్కాలర్