11 బస్తాల బియ్యం లెక్క: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

గుంటూరు జిల్లా పల్నాడు ప్రాంతంలోని ఒక కతోలిక విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడులు, ఊళ్లు) నుంచి నమస్కరించి రాస్తున్నాను.

ఈ రోజు 2021 మార్చి 25, నేటికి సరిగ్గా ఏడాది. పోయినేడు మార్చి 25న ఉగాది. మాకు అదే రోజు మంగళవార్త పండుగ కూడా, దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన రోజు. లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. అప్పుడు మొదలైన ఒక లెక్క ఇంకా తేలలేదు: చిక్కుకుపోయిన కూలీలకు మా గుడి బియ్యం వండిపెట్టమని, అవి తిరిగి ఇస్తామని ఒక అధికారి మాట ఇచ్చారు, అవి రాలేదు. మా గుడిలో బియ్యం లెక్క రాసేది నేనే. ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టాం. మూడు చేతికిచ్చాం, ఒకటి రిజిస్టర్ పోస్టులో పంపాం. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే పదిమందీ చదివేలా రాయాల్సి వచ్చింది. తప్పుగా అనుకోకండి.

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలం మొదలైందంటే మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. వంటకు కొలిచిన బియ్యంలోంచి పూటకో పిడికెడు తీసి పక్కన వేస్తాం. మా అమ్మ కుండలో వేసేది, నేను పాలపొడి డబ్బాలో వేస్తాను. ఇంట్లో మిగిలిపోయిన బియ్యం కాదండీ అది, ఆ పూట మేం తినాల్సింది. ఆదివారం డబ్బా గుడికి తీసుకెళ్లి కానుకల వేళ పీఠం ముందు బస్తాలో పోస్తాం. రంగు చూస్తేనే తెలిసిపోతుంది, ఏది కొన్న సన్నబియ్యమో, ఏది కోటా బియ్యమో. మావన్నీ కూలి బతుకులే కాబట్టి కోటా బియ్యమే ఎక్కువ. అన్నీ ఒకే బస్తాలో కలుస్తాయి. ఈస్టర్‌కు ముందు వారం వాటిని విచారణలోని ఒంటరి ముసలివాళ్లకు, మొగుడు పోయిన ఆడవాళ్లకు పంచుతాం. 2020లో ఆ జాబితాలో 36 మంది ఉన్నారు. జనతా కర్ఫ్యూ నాటికి మా ఊరి గుడిలోనూ, చుట్టుపక్కల చిన్న గుడుల్లోనూ కలిపి పాతిక కిలోల బస్తాలు 11 పోగయ్యాయి.

మిరప కోతల కాలం అది. ఏటా లాగే కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలుగా కూలీలు వచ్చారు. సుగ్గికి పోవడం అంటారు వాళ్లు. చెరువు కట్ట కింద డేరాలు వేసుకున్నారు. ఉన్నట్టుండి బస్సులు ఆగిపోయాయి. మిర్చి యార్డు మూతబడింది, రైతు చేతికి డబ్బు రాలేదు, వాళ్ల కూలీ అక్కడే ఆగిపోయింది. మొత్తం 64 మంది, అందులో 19 మంది పిల్లలు.

మార్చి 27 రాత్రి పదిన్నరకు పోప్ ఫ్రాన్సిస్ వాటికన్‌లో ఆ పెద్ద ఖాళీ మైదానంలో, వానలో, ఒక్కరే నిలబడి లోకం కోసం ప్రార్థించడం మేమంతా ఫోన్లలో చూశాం. చూసి ఏడ్చాం. తెల్లారేసరికి మా గుడి గేటు దగ్గర ఒక కోసిగి అమ్మాయి నిలబడి ఉంది. పక్కన నాలుగేళ్ల పిల్ల ఏడుస్తోంది. ఆ తల్లి పిల్లను చేతులతో ఎత్తుకోలేదు, మోచేతులతోనే దగ్గరకు లాక్కుంది. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. మిరపకాయలు కోసిన చేతులండీ, ఎంత కడిగినా ఆ ఘాటు పోదు, పిల్ల కళ్లకు తగిలితే మంట. “అమ్మా, గంజి ఉంటే పిల్లకు పోస్తారా” అని అడిగింది. తనకు కావాలని అడగలేదు.

ఆ రోజే ఒక అధికారి వచ్చారు. ఆయన పేరు రాయను, ఆ కార్యాలయం పేరూ రాయను. నాకు ఎవరి ఉద్యోగం మీదా పగ లేదు. “మీ దగ్గర బియ్యం ఉన్నాయట కదా. ముందు వండిపెట్టండి. వారం రోజుల్లో గోదాము నుంచి అంతకంత తిరిగి పంపిస్తాం. పేర్లు రాసివ్వండి చాలు” అన్నారు. మా విచారణ గురువులు, ఫాదర్ గారు, వెంటనే సరే అనలేదు. అవి తన బియ్యం కాదు కదా. ఆ 36 మందికీ ఫోన్ చేసి అడిగారు. ఒక్కరు కూడా వద్దనలేదు. మా వీధి చివర ఎనభై దాటిన ముసలమ్మ ఉంది. “పసిపిల్లలు ఏడుస్తుంటే నాకు ముద్ద దిగుద్దా? పెట్టేయండి నాయనా. గవర్నమెంటు తిరిగి ఇస్తానంటంది కదా, పండగనాటికి వస్తయిలే” అంది.

ప్రభుత్వం మాట మీద ఆ ముసలమ్మకు ఉన్నంత నమ్మకం నాకు అప్పుడూ లేదు. కానీ ఆమెను చూసి నేనూ నమ్మాను.

గుడి పక్కన బడిలో వండాం. రోజుకో బస్తా పట్టింది. సిస్టర్లు జాకెట్టు లైనింగు గుడ్డతో మాస్కులు కుట్టారు. మా కుర్రాళ్లు సున్నంతో గళ్లు గీసి దూరందూరంగా కూర్చోబెట్టారు. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు గుడికి తాళం, బడిలో మాత్రం పొయ్యి వెలిగింది. ఏప్రిల్ 7న, పవిత్ర వారం మంగళవారం, చివరి బస్తా విప్పాం. ఫోన్ చేశాం. “లోడు దారిలో ఉంది” అన్నారు. బుధవారం చేశాం. ఎత్తలేదు. ఆ తర్వాత ఆ 64 మందినీ ఊరే సాకింది. రామాలయం కమిటీ వాళ్లు బియ్యం ఇచ్చారు, మసీదు వీధి వాళ్లు కూరగాయలు, నూనె తెచ్చారు. వాళ్లను సొంత ఊళ్లకు పంపేదాకా పొయ్యి ఆరలేదు. ఈస్టర్ ముందురోజు మాత్రం మా ఫాదర్ గారు 36 మందికీ మళ్లీ ఫోన్ చేసి, “బియ్యం రాలేదమ్మా, నన్ను క్షమించండి” అని చెప్పుకున్నారు. మాట తప్పింది ఒకరు, క్షమాపణ చెప్పింది ఇంకొకరు.

ఏప్రిల్ 4న మీరు కార్డుకు వెయ్యి రూపాయలు ఇచ్చారు. ఉచిత బియ్యం, కిలో కందిపప్పు ఇచ్చారు. మా ఊళ్లో అందాయి, కాదనను. కానీ ఈ కూలీల కార్డులు వాళ్ల ఊళ్లల్లో, వాళ్ల వాలంటీర్లు అక్కడ, మనుషులు ఇక్కడ. వేలిముద్ర వేద్దామంటే వేలు పల్నాడులో ఉంది. ఆ వెయ్యి తమ చేతికి రాలేదని డేరాల్లో చాలామంది చెప్పారు.

ఇక అర్జీల సంగతి. 2020 జూన్‌లో మొదటిది ఇచ్చాం. 64 పేర్లు, ఊళ్లు, ఏ రోజు ఎంత వండామో అన్నీ రాసిచ్చాం. చూస్తామన్నారు. ఆగస్టులో వెళితే మాట ఇచ్చిన అధికారి బదిలీ అయ్యారన్నారు. కొత్తాయన, “నోటి మాటకు కాగితం ఏది?” అన్నారు. ఆకలితో ఉన్నవాళ్లు వాకిట్లో నిలబడితే కాగితం రాయించుకుని ఎసరు పెట్టాలని మాకు తెలియలేదండీ. నవంబరులో సోమవారం అర్జీల రోజున పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. మత సంస్థకు తిరిగి ఇవ్వడానికి పద్దు లేదన్నారు. మేం సంస్థకు ఇమ్మనలేదు, 36 మంది పేర్లూ ఆధార్ నంబర్లూ ఇచ్చాం, వాళ్ల ఇంటికే ఇవ్వమన్నాం. జనవరిలో పోస్టు చేసిన నాలుగో అర్జీ చేరినట్టు రశీదు ఉంది. అంతవరకే.

ఆ నవంబరు రోజున వరండాలో ఒక మాట విన్నాను. “మతం మార్చడానికి పెట్టి ఉంటారు, ఇప్పుడు బిల్లు అడుగుతున్నారు” అని ఎవరో అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ కూలీలు మంత్రాలయం చుట్టుపక్కల వాళ్లు. రాఘవేంద్ర స్వామి పటం సంచిలో పెట్టుకుని వస్తారు. మా బడి వరండాలో ఆ పటం పెట్టుకుని గురువారం దీపం వెలిగించుకున్నారు. ఆ దీపానికి నూనె పోసింది మా సిస్టరే. ఇది ఎక్కడా చెప్పుకోవాలని అనుకోలేదు, ఆ మాట విన్నాక చెప్పక తప్పలేదు.

మంత్రిగారూ, నా బాధ 11 బస్తాలతో అయిపోలేదు. ఈ ఏడాది తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 17న వచ్చింది. ఫాదర్ గారు మాస్కు పెట్టుకుని, మా నుదుటన సిలువ గుర్తు వేయకుండా, తల మీద విభూది చల్లారు. బయటకు వస్తుంటే చెరువు కట్ట కింద మళ్లీ డేరాలు కనిపించాయి. అదే చోటు, చాలావరకు అవే కుటుంబాలు. పోయినేడు నాలుగేళ్ల పిల్లకు ఇప్పుడు ఐదేళ్లు. బడి లేదు. తల్లి కోస్తుంటే మిరప చేను గట్టు మీద కూర్చుంటుంది.

జనవరి 21న మీరు ఇంటింటికీ రేషన్ అని 9,260 బండ్లు ప్రారంభించారు. మా వీధికి బండి వస్తోంది. చెరువు కట్ట మీద రోడ్డునే పోతుంది, డేరాల్లోంచి చూస్తే కనిపిస్తుంది. కానీ ఆగదు. నేనే వెళ్లి అడిగాను. ఆ డ్రైవరు బాబు తప్పేమీ లేదు, తన జాబితాలో వాళ్లు లేరన్నాడు. డేరాకు డోరు నంబరు ఎక్కడుంటుంది? ఉచిత బియ్యం నవంబరుతోనే ఆగిపోయాయి. వాళ్లు కిలో ఇంతని కొట్లో కొనుక్కుంటున్నారు.

ఇప్పుడు మళ్లీ కేసులు పెరుగుతున్నాయి. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి, “అమ్మా, మళ్లీ మూసేస్తారా? ఇప్పుడే వెళ్లిపోమంటారా?” అని అడుగుతున్నారు. కోత సగంలో ఉంది, వెళితే కూలీ పోతుంది, ఉంటే ఇరుక్కుపోతామని టెన్షన్. ఏమని చెప్పను? ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ టీకా అంటున్నారు. ఆ డేరాల్లో ఆ వయసు వాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు ఎవరు రాసుకుంటారు?

మా దగ్గర ఈసారి అన్ని బియ్యం కూడా లేవు. పనులు పోయిన ఇళ్లల్లో పిడికిలి చిన్నదైంది. నిన్నటికి 6 బస్తాలే. పైగా డబ్బా పోసేటప్పుడు ఆడవాళ్లు నన్ను అడుగుతున్నారు, “ఇవి ఈసారైనా మన ముసలోళ్లకే వెళతాయా, లేక మళ్లీ గవర్నమెంటుకు అప్పిస్తారా?” అని. ఏ ముఖం పెట్టుకుని జవాబు చెప్పను? ఆ ముసలమ్మ మాత్రం ఒక్కసారి కూడా దెప్పలేదు. ఏడాది నుంచి ఎప్పుడు కనిపించినా ఒకటే అడుగుతుంది: “ఏమ్మా, అయి వచ్చినయ్యా?”

మీరు ఆ బియ్యం తిరిగి ఇస్తే ఆమె చేతికి ఇస్తాం. ఇవ్వలేమంటే ఆ మాటైనా కాగితం మీద రాసి పంపండి, చదివి వినిపిస్తాను. కానీ డేరాల వాళ్ల సంగతి ఆగేది కాదు. వాళ్ల పేర్లు రాయించండి. ఆ బండిని కట్ట మీద ఒక్క గంట ఆపించండి. కార్డు కోసిగిలో ఉన్నా వేలిముద్ర ఇక్కడ తీసుకోమని ఆ డ్రైవరుకు చెప్పించండి. మళ్లీ మూసేసే పరిస్థితి వస్తే రెండు రోజుల ముందు వాళ్లకు చెప్పి, బస్సు పెట్టించండి. మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను.

వచ్చే ఆదివారం మట్టల పండుగ. ఏప్రిల్ 4న ఈస్టర్. ఈలోపు ఒక్క మనిషిని పంపండి. బస్సు దిగి గుడి ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. గుడి వెనక నుంచి చెరువు కట్టకు పది నిమిషాల నడక. మధ్యాహ్నం వస్తే డేరాల్లో ముసలివాళ్లు, పిల్లలే ఉంటారు, సాయంత్రం ఆరు తర్వాత వస్తే అందరూ దొరుకుతారు. ఆ వేళకు నేను నోటుబుక్కు పట్టుకుని అక్కడే ఉంటాను.

ఇట్లు,
విచారణలో బియ్యం లెక్క రాసే ఒక గృహిణి
పల్నాడు ప్రాంతం, గుంటూరు జిల్లా
2021 మార్చి 25