రోజుకో మిల్లీమీటరు

అమ్మకు,

ఫోన్లో చెప్పకుండా ఈ ఉత్తరమేంటి అనుకుంటావని తెలుసు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన నాన్న ఉంటారు, నేను సగం మాటలు మింగేస్తాను. అందుకే రాస్తున్నాను. నేను బాగున్నాను. ల్యాబ్‌లో పని మామూలే, స్లైడ్లు చేయడం, పిల్లలు పాడుచేసిన మైక్రోస్కోపులు సరిచేయడం. చలి తగ్గింది.

నాన్న చేతిలో తెగిన నరం సంగతి. "కుట్లు మాని రెండు నెలలైంది, వేళ్లకి స్పర్శే లేదు, ఆపరేషన్ దండగ" అన్నారు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దండగ కాదమ్మా.

నరం అంటే కరెంటు తీగలా ఒకే ముక్క కాదు. వేల సన్నటి పోగుల కట్ట. చూపుడు వేలికి స్పర్శ తెలిపే ఒక్కో పోగూ ఒక్కో కణానికి తోకలాంటిది. ఆ కణం తల ఎక్కడో మెడ దగ్గర, వెన్నుపాము పక్కన ఉంటుంది. తోక వేలి కొన దాకా వస్తుంది. కంటికి కనిపించనంత సన్నం, పొడవు మాత్రం చెయ్యంత. కాలి బొటనవేలికి వెళ్లేదైతే సుమారు మీటరు. కబురు దారిలో చేతులు మారకుండా వెన్ను దాకా చేరాలంటే అంత పొడవు ఉండాల్సిందే.

నాన్నకి ఆ అద్దం ముక్క కోసింది తోకల్ని, మణికట్టు దగ్గర. తలలకి ఏమీ కాలేదు. తెగిన చోటుకి అవతలి ముక్క మాత్రం బతకదు, దానికి కావలసిన ప్రొటీన్లు తల నుంచే రావాలి కాబట్టి. కానీ దాని చుట్టూ తొడుగులా ఉండే కణాలు చావవు. లోపల ఖాళీ అయినా వరస తప్పకుండా దారి పట్టుకుని ఉంటాయి. డాక్టర్ నరం పై పొర కుట్టింది ఆ దారి రెండు వైపులా కలవాలనే. కొత్త పోగు అందులోంచి పాక్కుంటూ వస్తుంది, రోజుకి సుమారు 1 మిల్లీమీటరు.

నిన్న స్కేలు పెట్టి నా మణికట్టు నుంచి చూపుడు వేలి కొన దాకా కొలిచాను. 17 సెంటీమీటర్లు. నాన్నది ఇంకా పెద్ద చెయ్యి. పైగా మొదటి కొన్ని వారాలు పోగులో పెద్దగా కదలికే ఉండదు. ఈపాటికి అరచేయి మధ్యకి వచ్చినా గొప్పే. వేలికి రాలేదని ఇప్పుడే తిట్టుకుంటే ఎలా?

పూర్తిగా మునుపటిలా అవుతుందని మాత్రం మాటివ్వను. కొంత మొద్దుతనం మిగలొచ్చు. ఈ ముక్క ఆయనకి చదవకు. పోనీ చదువు, దాస్తే ఎలాగూ పట్టేస్తారు.

వేడినీళ్లు ఆ చేత్తో చూడనివ్వకు. కాలినా తెలియదు.

పెద్దమ్మ ఏదో అన్నదట, కూతురై ఉండి ఆపరేషన్‌కి రాలేదని. సెలవు అడిగాను, ఇవ్వలేదు. అంతకంటే చెప్పడానికేం లేదు.

తమ్ముడి మీద అరిచాను కదా, "కణం ఆకారానికీ పనికీ సంబంధమేంటి" అని అడిగితే పుస్తకంలో చూసుకోమని. తప్పే. వాడికి ఇది చూపించు. నిన్న మైక్రోస్కోపులో నా రక్తమే చూశాను. ఎర్ర కణాలు గుండ్రంగా, అంచు ముదురుగా, మధ్యలో లేతగా ఉన్నాయి, రెండు వైపులా వేలితో నొక్కినట్టు. ఆ నొక్కుల వల్ల ఆక్సిజన్‌కి లోపలి దూరం తగ్గుతుంది, తనకంటే సన్నటి రక్తనాళంలోనూ మడతపడి దూరిపోతుంది. ఆక్సిజన్‌ని పట్టుకునే హిమోగ్లోబిన్‌కి చోటు కోసం కేంద్రకాన్నే బయటికి నెట్టేసింది. ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా కూడా లేదు, అంటే మోసే ఆక్సిజన్‌లో తను కొంచెం కూడా వాడుకోదు! కానీ కేంద్రకం లేక తనని తాను బాగుచేసుకోలేదు. 120 రోజులకి సరి. కప్పది వేరు, దాని ఎర్ర కణంలో కేంద్రకం అలాగే ఉంటుంది. చచ్చాకే పనికొచ్చే కణాలకి ఉదాహరణ వాడికి కావాలంటే మొక్కల్లో దారువు ఉంది. లోపలి సరుకంతా పోయి గొట్టమయ్యాకే మొక్కలో నీళ్లు మోస్తుంది. ఇది రాస్తే మార్కులు పడతాయి, చేతిరాత కుదురుగా ఉంటే.

నీ మోకాలు ఎలా ఉంది? బాగానే ఉందని రాయకు, నిజం రాయి.

ఒక పని చెయ్యి. డాక్టర్ మణికట్టు నుంచి వేళ్ల వైపు వేలితో తట్టుకుంటూ పోతారు కదా, తట్టినప్పుడు వేళ్లలోకి జివ్వుమనేది ఎక్కడో పోగు అక్కడిదాకా వచ్చినట్టు. ఈసారి వెళ్లినప్పుడు అక్కడ పెన్నుతో చుక్క పెట్టించి, మణికట్టు నుంచి ఎంత దూరమో స్కేలుతో కొలిచి, తేదీతో రాసి పెట్టు. చుక్క ఎలాగూ చెరిగిపోతుంది. నాన్న విసుక్కుంటారు. నేను చెయ్యమన్నానని చెప్పు.

నీ
పెద్దమ్మాయి