కుక్క వాంతికి మందుల షాపు గ్యాస్ మాత్రలు

సంపాదకులకు నమస్కారం.

కావలి, నెల్లూరు, ఒంగోలు వంటి ఊళ్లలో కుక్కను పెంచుకునే ఇళ్లలో ఒక అలవాటు మామూలైపోయింది. కుక్క రెండు పూటలు అన్నం ముట్టకపోయినా, తెల్లారేసరికి పసరు కక్కినా వీధి చివరి మందుల షాపుకు వెళ్లి, "కుక్కకు గ్యాస్ పట్టినట్టుంది, ఏదైనా మాత్ర ఇవ్వండి" అని అడిగి తెచ్చి, పెరుగన్నం ముద్దలో పెట్టి మింగిస్తున్నాము. నేనూ అదే చేశాను. దాని వల్ల మా కుక్కకు ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

మా కుక్కకు తొమ్మిదేళ్లు, బరువు 20 కిలోలు. పోయిన వేసవిలో వారం రోజుల పాటు తెల్లవారుజామున పసుపుపచ్చ నురగ కక్కి, ఆ తర్వాత ఏమీ జరగనట్టే తిరిగేది. షాపులో ఇచ్చిన క్యాప్సూళ్లను రోజుకొకటి చొప్పున మూడు రోజులు వేశాను. నాలుగో రోజు అది పడుకున్న చోటి నుంచి లేవలేదు. విరేచనం తారులా నల్లగా, జిగటగా అయింది. నెల్లూరుకు తీసుకువెళ్తే పశువైద్యురాలు మొదట మందు అట్ట చూపించమన్నారు. పెద్ద అక్షరాల కంపెనీ పేరు కింద చీమల బారులా ఉన్న అక్షరాలను వేలిగోటితో చూపించారు. రాబిప్రజోల్ అని ఉంది, దాని పక్కనే డైక్లోఫెనాక్ అని ఉంది. గ్యాస్ మందు, నొప్పుల మందు రెండూ ఒకే క్యాప్సూల్‌లో ఉన్నాయన్నమాట. మనుషులకు రాసే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పుల మందులు కుక్కల కడుపులో పుండ్లు చేసి రక్తం కారేలా చేస్తాయి, మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తాయి. రాబందులు చనిపోవడానికి కారణమవుతోందని 2006లో మన దేశంలో పశువుల వాడకానికి నిషేధించిన మందు ఈ డైక్లోఫెనాకే.

యాసిడ్ తగ్గించే మందులన్నీ చెడ్డవని నా ఉద్దేశం కాదు. మా కుక్క కడుపులో పడిన పుండు మానడానికి ఆ డాక్టరు గారు రాసిన మందు కూడా ఆ కుటుంబానికి చెందిన ఒమెప్రజోలే. అయితే బరువును బట్టి కిలోకు 1 మిల్లీగ్రాము లెక్కన, పన్నెండు గంటలకొకసారి, తిండికి అరగంట ముందు పరగడుపున ఇవ్వాలని, లోపలి గుళికలను నలపకూడదని, పుండు మీద పూతలా పనిచేసే సుక్రాల్ఫేట్ ద్రవాన్ని మిగతా మందులకు రెండు గంటల ఎడంగా పట్టాలని ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చారు. దాదాపు నెల రోజులు వాడిన తర్వాత కూడా ఒక్కసారిగా ఆపనివ్వలేదు. అలా ఆపితే కడుపులో యాసిడ్ మునుపటి కంటే ఎక్కువగా ఊరుతుందట, అందుకే మెల్లమెల్లగా తగ్గించారు. మా కుక్కకు సరిపోయిన 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌ను నాలుగు కిలోల పొమరేనియన్‌కు వేస్తే అది ఐదింతల మోతాదు అవుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టినది మరొకటి ఉంది. మొదట్లో వచ్చిన ఆ పసరు వాంతికి అసలు మాత్రే అక్కర్లేదు. సాయంత్రం ఆరుకు అన్నం పెడితే మర్నాడు పొద్దుటిదాకా కడుపు ఖాళీగా ఉండి, పసరు పైకి తన్నుతోందని, పడుకునే ముందు నాలుగు ముద్దలు పెట్టమని డాక్టరు గారు చెప్పారు. పుండు మానాక అలాగే పెడుతున్నాము, నురగ కక్కడం ఆగిపోయింది. చేపల పులుసు కలిపిన అన్నం, ముళ్లు, ఉల్లిపాయ ముక్కలు కూడా మానిపించారు. ఉల్లి కుక్కల రక్తకణాలను చెడగొడుతుందన్న సంగతి మాకు అప్పటిదాకా తెలియదు.

వాంతి అనేది ఒక లక్షణం మాత్రమే. టీకా వేయని కుక్కపిల్లకు పార్వో అనే వైరస్ రోగం వచ్చినా, పిడుదుల వల్ల జ్వరం పట్టినా, మూత్రపిండాలు చెడినా, ఎముక ముక్క పేగులో ఇరుక్కున్నా కుక్క ఒకేలా కక్కుతుంది. గ్యాస్ మాత్రతో రెండు రోజులు గడిపేస్తే ఆ రెండు రోజులే చేజారిపోతాయి. గ్యాస్ మాత్రల్లో చాలావాటిలో కలిసి వచ్చే డోంపెరిడోన్ కడుపును ముందుకు నెట్టే మందు, దారిలో అడ్డు ఉన్నప్పుడు అది ప్రమాదం. పొట్ట డప్పులా ఉబ్బి, కక్కబోతే ఏమీ రాకపోతే కడుపు మెలిపడిందేమోనని అనుమానించి, ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తాలి. వాంతిలో రక్తం కనిపించినా, కాఫీ పొడిలాంటి నలుసులు పడినా ఇంట్లో ఆగకూడదు.

మందుల షాపుల వారిని ఒక్కరినే తప్పుపట్టి లాభం లేదు, అడిగింది మేమే. అయినా జంతువుకని చెప్పి అడిగినప్పుడు పశువైద్యుల చీటీ లేనిదే మందు ఇవ్వకూడదని ఔషధ నియంత్రణ అధికారులు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలోనూ గట్టిగా చెప్పి, ఆ మాట తెలుగులో రాసిన బోర్డును ప్రతి షాపులో పెట్టించాలి. రాత్రిపూట పశువుల ఆసుపత్రి తలుపు మూసి ఉంటుందన్న భయంతోనే చాలామంది మందుల షాపు మెట్లెక్కుతున్నారు. కావలి నుంచి నెల్లూరుకు 50 కిలోమీటర్ల పైమాటే. ఉదయగిరి, కనిగిరి వైపు పల్లెల వారి ఇబ్బంది ఇంకా ఎక్కువ. పశుసంవర్ధక శాఖ వారు నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల్లో రాత్రి విధుల్లో ఒక్క వైద్యుడినైనా ఉంచి, పల్లెల నుంచి ఫోన్ చేసినవారికి ఆ వైద్యుడు నేరుగా సలహా చెప్పే ఏర్పాటు కూడా చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా.