అన్నీ నార్మలే అన్నాక ఈ ఆయాసంతో ఎక్కడికి వెళ్లాలి? కర్ణాటక ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరు కృష్ణరాజపురంలో స్థిరపడిన లెక్కల టీచర్ని. ఈ ఉత్తరం కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో రాయడం ఎందుకంటే, ఈ ఊళ్లో నాలాగే ఫైలు చంకన పెట్టుకుని తిరిగే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లూ చదివి తమ మాట కలుపుతారని ఆశ.

నాకు ఆయాసం. కొన్నేళ్లుగా ఉంది. ఉబ్బసం కాదన్నారు, గుండె బాగుందన్నారు. ఎక్స్‌రే, ఎకో, గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. వేలికి పెట్టే ఆక్సీమీటరు 98 చూపిస్తుంది. అయినా బోర్డు మీద లెక్క చేస్తూ నోటితో వివరిస్తుంటే మూడో స్టెప్పు దగ్గరికి వచ్చేసరికి మాట సగంలో తెగిపోతుంది. ముందు బెంచీ పిల్లలకు అలవాటైపోయింది, మిగతా వాక్యం వాళ్లే పూర్తిచేస్తారు. మెట్రో స్టేషన్లో మెట్లెక్కాల్సి వస్తే సగంలో ఆగి, ఫోన్లో ఏదో వెతుకుతున్నట్టు నిలబడతాను. ఎవరైనా ఏమైందని అడిగితే జవాబు చెప్పడానికి కూడా ఊపిరి చాలదు కాబట్టి. ఇంట్లో ఎండుమిర్చి పోపు పెట్టే పని మా అత్తగారే తీసుకున్నారు.

ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో నా ఫైలు మూసి, "మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. ఎలా తగ్గించుకోవాలో, ఎవరిని కలవాలో చెప్పలేదు. భయం వల్ల ఆయాసం రాదని నేను అనడం లేదు. భయపడితే శ్వాస వేగం పెరుగుతుంది, వేగంగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో వేళ్లు తిమ్మిరెక్కి, ఛాతీ బిగుసుకుని భయం ఇంకా ఎక్కువవుతుంది. ఇది నిజమైన సమస్యే, దీనికి వైద్యమూ ఉంది. టెన్షన్ అని తేలిస్తే ఆ వైద్యానికి చీటీ రాయాలి కదా? ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో ఈ మాట చాలా తొందరగా వచ్చేస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం కర్ణాటకలో 15-49 ఏళ్ల మహిళల్లో 47.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆయాసమని వచ్చిన ఆడమనిషికి హిమోగ్లోబిన్ కూడా చూడకుండా టెన్షన్ అనడం అన్యాయం.

అసలు విషయానికొస్తాను. ఆయాసానికి కారణం ఊపిరితిత్తుల్లో ఉండొచ్చు, గుండెలో, రక్తంలో, కండరాల్లో, స్వరపేటికలో, మనసులో ఉండొచ్చు, లేదా వీటిలో రెండుమూడు కలిసి ఉండొచ్చు. మన వైద్యం మాత్రం ఒక్కో భాగానికి ఒక్కో తలుపు పెట్టింది. ప్రతి తలుపు దగ్గరా "మా వైపు ఏం లేదు" అంటారు, అది నిజమే కూడా. అన్నీ కలిపి చూసే మనిషి లేడు.

బెంగళూరుకున్న అదృష్టం ఏమిటంటే, ఛాతీ జబ్బులకు రాజీవ్ గాంధీ సంస్థ, గుండెకు జయదేవ, మనసుకూ నరాలకూ నిమ్హాన్స్, మూడూ కొద్ది కిలోమీటర్ల లోపే ఉన్నాయి. దేశంలో ఎన్ని ఊళ్లకు ఈ భాగ్యం ఉంది? కానీ మొదటి రెండూ రాష్ట్ర వైద్యవిద్య శాఖ పరిధిలోవి, నిమ్హాన్స్ కేంద్రానిది, వీధి చివర ఉండే చిన్న ప్రభుత్వ దవాఖానా నమ్మ క్లినిక్ మరో యంత్రాంగానిది. కాగితాల మీద ఉన్న ఈ దూరాన్ని ఆయాసంతో ఉన్న మనిషి కాళ్లతో నడవాల్సి వస్తోంది. వారానికి ఒక్క పూట, ఒకే చోట ఆయాసం ఓపీ పెట్టండి. ఊపిరితిత్తుల డాక్టరు, గుండె డాక్టరు, మానసిక వైద్యుడు, ఫిజియోథెరపిస్టు ఒకే గదిలో కూర్చుని ఒకే ఫైలు చూడాలి. వైద్యవిద్య మంత్రి గారితో మాట్లాడి, కేంద్రానికి ఉత్తరం రాసి దీన్ని ముందుకు నడపగలిగింది మీరే. ఛాతీనొప్పి విషయంలో మన రాష్ట్రం ఇలాంటిది చేసి చూపించింది. పునీత్ రాజ్‌కుమార్ హృదయ జ్యోతి పథకంలో తాలూకా ఆస్పత్రిలో తీసిన ఈసీజీని పెద్ద కేంద్రంలోని నిపుణులు చూసి దారి చెబుతున్నారు. ఆయాసానికి అంత హడావిడి అక్కర్లేదు, కలిసి కూర్చుంటే చాలు.

నమ్మ క్లినిక్కుల్లో అయితే యంత్రాలు కూడా అక్కర్లేదు, అడిగితే చాలు. చదును నేల మీద తోటి వయసువాళ్లతో సమానంగా నడవగలరా, వంద మీటర్లు నడిచాక ఆగాల్సి వస్తోందా అని అడిగి గ్రేడు వేసే పద్ధతి ప్రపంచమంతా వాడుతోంది. దాన్ని బీపీ రాసినట్టే చీటీ మీద రాయించండి. ఇంకో ప్రశ్న కూడా: ఇంట్లో ఎయిర్ కూలర్ ఉందా, బాల్కనీలో పావురాలు చేరుతున్నాయా? 2017లో వెలువడిన అధ్యయనంలో మన దేశంలోని 19 నగరాల నుంచి 1,084 మంది ఊపిరితిత్తుల జబ్బువాళ్లను, అంటే కణజాలం గట్టిపడే రకం వాళ్లను, పరిశీలిస్తే దాదాపు సగం మందికి కూలర్లోని బూజు, పావురాల రెట్టల ధూళి లాంటి వాటిని పీల్చడం వల్ల వచ్చే జబ్బే ఉందని తేలింది. మన అపార్టుమెంట్లలో పావురాలు లేని బాల్కనీ ఏది?

మామూలు పరీక్షలన్నీ కూర్చోబెట్టో పడుకోబెట్టో చేస్తారు. నాకు ఆయాసం వచ్చేది నడిచినప్పుడు. సైకిలు తొక్కిస్తూ గుండెనూ ఊపిరితిత్తులనూ కండరాల శక్తినీ కలిపి కొలిచే పరీక్ష ఒకటుంది. అది ప్రభుత్వ రంగంలో ఎక్కడ చేస్తారో, ఎవరి చీటీ కావాలో ప్రజలకు తెలిసేలా ప్రకటించండి.

కారణం దొరకని వాళ్లకు కూడా చేయగలిగింది చాలా ఉంది. నాకు ఒక ఫిజియోథెరపిస్టు నేర్పారు: ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించి కూర్చోవడం, పెదాలు కొద్దిగా ముడిచి వేడి పాలు ఊదినట్టు నెమ్మదిగా గాలి వదలడం, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలడం. చేతిలో పట్టే చిన్న ఫ్యాను గాలి ముఖానికి తగిలితే ఆయాసం తగ్గుతుందని పరిశోధనల్లోనూ తేలింది. ఇప్పుడు నా సంచిలో సుద్దముక్కల పక్కన అదొకటి ఉంటుంది. అన్నిటికంటే మేలు చేసింది రోజూ కొద్దికొద్దిగా పెంచుతూ నడిపించడం. ఆయాసానికి భయపడి కదలడం మానేస్తే కండరాలు బలహీనపడి ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఇదంతా పల్మనరీ రీహాబ్ అనే పద్ధతిలో భాగమే, కానీ ఆ తలుపు జబ్బు పేరున్న వాళ్లకే తెరుచుకుంటోంది. ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆస్పత్రిలో చేరిన వాళ్లకే. చేరాల్సినంత జబ్బు లేక, బతకడానికి చాలినంత ఊపిరీ లేక మధ్యలో ఉన్నవాళ్లకు అందులో చోటు లేదు. మన రాష్ట్ర పథకం ఆరోగ్య కర్ణాటకలో రీహాబ్‌కు ఔట్‌పేషెంట్ ప్యాకేజీ పెట్టండి, పేరు తెలియని ఆయాసానికీ వర్తించేలా.

ఆ ఓపీ ఏ వారం, ఎక్కడ మొదలవుతుందో ప్రకటించండి. స్కూలుకి సెలవు పెట్టి వస్తాను. నా ఫైలు వైద్యవిద్యార్థులకు పాఠంగా చూపించినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
కృష్ణరాజపురం నుంచి ఒక లెక్కల టీచరు