కువైట్ దిగ్బంధం: అసలు తగాదా సుంకం మీద

సంపాదకులకు,

అయ్యా,

గల్ఫ్ సరిహద్దుల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం, 1923 నుంచి 1937 దాకా కువైట్ మీద ఇబ్న్ సౌద్ రాజ్యమైన నజ్ద్ (నేటి సౌదీ అరేబియా నడిమి ప్రాంతం) సాగించిన దిగ్బంధాన్ని 'ఎడారి తెగల పగ' అని ఒక్క ముక్కలో దాటేసింది. కడప, రాయచోటి, చిత్తూరు వైపు ఊళ్ల నుంచి ఎందరో బతుకుతెరువు కోసం వెళ్లే దేశం అది. ఆ బజారును పధ్నాలుగేళ్లు ఎండగట్టిన తగాదా దేని మీదో మన పాఠకులకు సరిగ్గా తెలియాలి. ఒకరి రేవులో దిగి మరొకరి నేలకు పోయే సరుకు మీద సుంకం ఎవరిది, దాన్ని ఎక్కడ వసూలు చెయ్యాలి? తగాదా అంతా దీని మీదే.

చిత్తూరు లారీ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. జీఎస్టీ వచ్చిన 2017 జూలై 1కి ముందు, బెంగళూరులో ఎత్తిన సరుకు పలమనేరు మీదుగా చెన్నై పోవాలంటే, మన రాష్ట్రంలో అడుగుపెట్టే చెక్‌పోస్టులో ట్రాన్సిట్ పాస్ తీసుకోవాలి. గడువులోగా నరహరిపేట దగ్గర దాన్ని అప్పజెప్పి బయటపడాలి. అప్పజెప్పకపోతే సరుకు దారిలోనే అమ్ముడుపోయిందని చట్టం అనుకునేది. పన్ను బండి యజమాని నెత్తిన పడేది. సరుకు బయటికి పోయిందని చూపే కాగితం ఒకటుండాలి, దాన్ని రెండువైపులా నమ్మాలి. ట్రాన్సిట్‌కు ఆయువుపట్టు అదే. గల్ఫ్‌లో ఆ నమ్మకమే కరువైంది.

ముందు, ఇదే తగాదా నడిచిన బహ్రెయిన్ సంగతి. బహ్రెయిన్‌కు ఎదుటి ఒడ్డున, ఇబ్న్ సౌద్ ఏలుబడిలోని అల్-అహ్సా తీరంలో ఉఖైర్ రేవుకు లోతు తక్కువ, పెద్ద ఓడలు దగ్గరికి రాలేవు. అందుకని బొంబాయి నుంచి వచ్చిన బియ్యం, పంచదార, టీ, గుడ్డల బేళ్లను బహ్రెయిన్ రేవు మనామా దగ్గర దించి, తెరచాప పడవల్లోకి మార్చి అవతలి ఒడ్డుకు చేర్చేవారు. అక్కడి నుంచి లోపలి పట్నం హొఫూఫ్‌కు ఒంటెలు. 1861 ఒప్పందం ప్రకారం బ్రిటిష్ ప్రజల సరుకు మీద బహ్రెయిన్ సుంకం విలువలో 5 శాతం. మొదట్లో ఆ వసూలు మన దేశపు బనియా వ్యాపారుల గుత్తగా నడిచింది. 1923లో బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్ మేజర్ డేలీ వృద్ధ షేక్ ఈసాను తప్పించి కొడుకు హమద్‌కు పగ్గాలిప్పించాక, 1924లో డి గ్రెనియర్ అనే అధికారి చేతికి కస్టమ్స్ వచ్చింది. లెక్కలు బిగిశాయి.

నూరు రూపాయల బియ్యం అనుకుందాం. మనామాలో పూర్తి సుంకం వేస్తే 5 రూపాయలు. అవతలి ఒడ్డున కూడా 5 శాతమే అనుకున్నా, అది 105 మీద పడుతుంది, అంటే 5 రూపాయల పావలా. పడవ బాడుగ, హమాలీ, ఒంటె కిరాయి కలపకముందే బియ్యం 110 రూపాయల పావలా అయి కూర్చుంటుంది. తన ప్రజలు తినే తిండి మీద ఇంకొకరి ఖజానా నిండుతోందని ఇబ్న్ సౌద్ అభ్యంతరపెట్టాడంటే తప్పుపట్టలేం. రేవు కాపలా, గోదాము, గుమాస్తాల ఖర్చు తమదే కదా అని బహ్రెయిన్ అంటే అదీ నిజమే.

రేటును బేరమాడి తగ్గించుకోవచ్చు, తగ్గించుకున్నారు కూడా. సరుకును గుర్తించడం మాత్రం అంత తేలిక కాదు. అది దారిలో ఉన్న సరుకేనని రుజువు కావాలంటే బొంబాయిలోనే ఓడ జాబితాలో చివరి రేవు పేరు, బేళ్ల మీది గుర్తులు, లెక్క రాసి ఉండాలి. దించాక విడిగా గోదాములో పెట్టాలి. సుంకానికి సరిపడా ధరావతో జామీనో తీసుకోవాలి. పడవ ఎక్కించేటప్పుడు గుర్తులూ లెక్కా మళ్లీ సరిచూడాలి. అవతలి కస్టమ్స్ 'ముట్టింది' అని రసీదు పంపాకే ధరావతు వాపసు. బస్తా చిరిగి కొత్త బస్తాలోకి పోశారా, గుర్తు పోయినట్టే. నూరు బేళ్లు మూడు పడవల్లో వేస్తే మూడు రసీదులు కావాలి. ఒక పడవ ఎదురుగాలికి ఆగిపోయినా ఖాతా తెగదు. అన్నిటికన్నా పెద్ద పేచీ మరొకటుంది. మనామా వర్తకుడు తన పేరున సరుకు తెప్పించి, నెల తర్వాత బజారులో అహ్సా వర్తకుడికి అమ్మాడనుకోండి. బహ్రెయిన్ లెక్కలో అది దిగుమతి, నజ్ద్ లెక్కలో దారిలో ఉన్న సరుకు. ఇలాంటి పేచీలు 1930ల మధ్య వరకూ నలిగాయి.

కువైట్‌లో ఆ పాటి కాగితమూ లేదు. బెదూయిన్లు గొర్రెలు, నెయ్యి, ఉన్ని తెచ్చి సఫాత్ మైదానంలో అమ్మి, ఆ డబ్బుతోనే బియ్యం, టీ, గుడ్డలు కొనుక్కుని ఎడారిలోకి మళ్లేవారు. ఈ రాకపోకల బేరానికి 'ముసాబలా' అని పేరు. సుంకం ఓడ దిగినప్పుడే కువైట్ పాలకుడు షేక్ అహ్మద్ అల్-జాబిర్ ఖజానాకు చేరిపోయింది. అదే సరుకు ఇసుకలో ఎక్కడ సరిహద్దు దాటిందో పట్టుకోవడానికి ఇబ్న్ సౌద్‌కు గేటు లేదు. 1922 డిసెంబరులో ఉఖైర్‌లో బ్రిటిష్ అధికారి పెర్సీ కాక్స్ గీత గీసి హద్దులు తేల్చాడు. ఆ గీతతో, నిన్నటి దాకా కువైట్ బజారును తమదే అనుకున్న తెగలు పరాయి రాజు ప్రజలైపోయారు.

ఇబ్న్ సౌద్ మూడు దారులు చూపాడు. తన మనిషిని కువైట్‌లో కూర్చోబెట్టి సుంకం వసూలు చేసుకోనివ్వడం; లేదా షేకే వసూలు చేసి తనకు పంపడం; లేదా ఏటా ఇంతని మొత్తం కట్టడం. షేక్ మూడూ కాదన్నాడు. మొదటిది ఒప్పుకుంటే సొంత ఊళ్లో పరాయి కచేరీ వెలుస్తుంది, మూడోది చూసేవాళ్లకు కప్పంలా కనబడుతుంది. రెండోది వినడానికి సులువే గానీ, కొనేవాడు రేపు గీతకు ఏ పక్కన గుడారం వేస్తాడో దుకాణదారు ఎలా చెప్పగలడు? చివరికి తన తెగలు కువైట్‌లో కొనకూడదని ఇబ్న్ సౌద్ నిషేధం పెట్టాడు. దిగ్బంధం అంటే ఇదే. దాని మీద 1929 మాంద్యం, జపాన్ పెంపకపు ముత్యాల పోటీ వచ్చిపడ్డాయి. బజారూ ముత్యాల వేటా రెండూ దెబ్బతిన్నాయి.

బ్రిటిష్ వాళ్ల పాత్ర మీ వ్యాసంలో అసలు లేదు. 1899 ఒప్పందంతో కువైట్ విదేశీ వ్యవహారం వాళ్ల చేతిలోకి పోయింది. షేక్ ఫిర్యాదు కువైట్‌లోని బ్రిటిష్ ఏజెంట్‌కు, అక్కడి నుంచి ఇరాన్ తీరాన బుషైర్‌లో ఉండే పై అధికారి రెసిడెంట్‌కు, ఆపైన లండన్‌కూ ఢిల్లీకీ పోయి, జెద్దాలోని బ్రిటిష్ ప్రతినిధి ద్వారా ఇబ్న్ సౌద్‌కు చేరాలి. జవాబూ అదే దారిన రావాలి. పైగా లండన్‌కు ఇబ్న్ సౌద్ స్నేహం కూడా కావాలి. 1927 జెద్దా ఒప్పందంలో కువైట్, బహ్రెయిన్‌లతో సఖ్యంగా ఉంటానని ఆయన చేత మాట రాయించుకుని ఊరుకున్నారు. కువైట్ వర్తకుల మొర సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టే అయింది. షేక్ తరఫున బ్రిటన్, సౌదీతో వర్తక ఒప్పందం మీద సంతకం పెట్టింది 1942 ఏప్రిల్‌లో.

నియమం లేక కాదు. నానాజాతి సమితి పూనికతో 1921 ఏప్రిల్ 20న వచ్చిన బార్సిలోనా శాసనం, దారిలో ఉన్న సరుకు మీద పర్యవేక్షణ ఖర్చుకు మించి ప్రత్యేక రుసుము వేయరాదని తన 3వ అధికరణంలో చెప్పింది. కానీ ఆ సమితిలో ఇబ్న్ సౌద్ రాజ్యం లేదు. కువైట్, బహ్రెయిన్‌లకు సొంతంగా సంతకం పెట్టే హక్కే లేదు.

పాత కథ కదా అనకండి. గల్ఫ్ సహకార మండలి దేశాలు 2003 జనవరి 1న కస్టమ్స్ యూనియన్‌గా కలిసి, మొదటి రేవులోనే 5 శాతం సుంకం అనుకున్నాయి. వసూలైన డబ్బు సరుకు చివరికి చేరే దేశానికి లెక్క కట్టి పంపాలి. ఆ పంపకం దగ్గరే మళ్లీ ఏళ్ల తరబడి పీటముడి. మన జిల్లా తోతాపురి మామిడి గుజ్జు డ్రముల్లో గల్ఫ్ దేశాలకు పోతోంది. దుబాయి మీదుగా సౌదీకి పంపేవారు బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడవాళ్లిచ్చే సరుకు రసీదులో) చివరి రేవు, చివరి కొనుగోలుదారు పేరు మొదటే రాయించుకోవాలి. దుబాయి వ్యాపారి పేరున పంపి తర్వాత మళ్లిస్తే, మనామా గోదాముల్లో వచ్చిన పేచీయే మళ్లీ వస్తుంది.

ఆ వ్యాసంలోని 'తెగల పగ' అన్న మాటను సవరించి, దిగ్బంధానికి సుంకం తగాదా కారణమని వచ్చే సంచికలో వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చిత్తూరు