పట్టుచీర బిల్లు మీద జరీ రకం రాయాలి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గర పడుతున్నందున, చేనేత పట్టుచీర కొనేవారికి అక్కరకు వస్తుందన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా వైపు తెలుగు కుటుంబాలు పెళ్లి చీరలకు బరంపురమో శ్రీకాకుళమో, తాహతు ఉంటే విశాఖపట్నమో వెళ్లడం మామూలే. ఆరేళ్ల కిందట మా పెద్దమ్మాయి పెళ్లికి మేమూ అలాగే వెళ్లి కంచి తరహా చీర ఒకటి కొన్నాం. జరీ ఎలాంటిదని అడిగితే, “టెస్టెడ్ జరీ అమ్మా, పదేళ్లయినా నల్లబడదు” అన్నారు. టెస్టెడ్ అంటే పరీక్షకు నిలిచిన అసలు జరీ కాబోలని నేను అనుకున్నాను, కాదని వారూ చెప్పలేదు.

కిందటి ఏడాది మా వీధిలోకి పాత పట్టుచీరలు కొనే అతను వస్తే, మడతల దగ్గర చీలిపోయిన మా అత్తగారి చీరతో పాటు, ఊరికే విలువ తెలుసుకుందామని, అమ్మాయి చీరనూ అతని ముందు పెట్టాను. అతను కొంగు చివర ఒక్కో పోగు లాగి, గోటితో గీకి, సంచిలోని చిన్న రాయి మీద రుద్ది, చివరికి అగ్గిపుల్ల వెలిగించి చూశాడు. అత్తగారి చీర పోగులో ఎర్రటి పట్టుదారం బయటపడింది. దాన్ని కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, సన్నని తెల్లటి తీగ మిగిలింది. అమ్మాయి చీర పోగు రాయి మీద రాగి రంగు తేలింది, లోపలి దారం మంటకు కరిగి ఉండకట్టింది. “ఇది మీరే ఉంచుకోండమ్మా” అని చీర మడిచి నా చేతికిచ్చాడు. వేలు పోసి కొన్న దుకాణంలో తెలియనిది గుమ్మం ముందు రెండు నిమిషాల్లో తేలిపోయింది.

ఆ తరువాత బరంపురంలో నేతపని చేసే మా బంధువులను అడిగి తెలుసుకున్నాను. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ పల్చగా నొక్కిన వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేసినది. టెస్టెడ్ జరీ అంటే రాగి తీగకు వెండి పూత వేసి, బంగారు రంగు ఎక్కించినది. మూడోది ప్లాస్టిక్ పొరను సన్నగా కోసి చేసిన జరీ. మన దేశంలో ఈ మూడు రకాలకూ సూరత్ పెద్ద కేంద్రం. టెస్టెడ్ అన్నది వ్యాపారంలో ఒక రకానికి స్థిరపడిన పేరే తప్ప, ఎవరో పరీక్షించి ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు. ఇక అసలు జరీ నల్లబడదని మనలో ఉన్న నమ్మకం పూర్తిగా తలకిందులు. వెండి గాలికి నల్లబడటం సహజం, పూజగదిలోని వెండి కుందులే అందుకు సాక్ష్యం; కాబట్టి అసలు జరీ కూడా కాలక్రమంలో కొంత మసకబారుతుంది. ఎన్నటికీ నల్లబడదని ఎవరైనా గట్టిగా హామీ ఇస్తే, అది ప్లాస్టిక్ జరీ ఏమోనని అనుమానించాలి.

సిల్క్ మార్క్ బిళ్ల ఉంది కదా అని మేము ధీమాగా ఉన్నాం. ఆ గుర్తు పట్టు స్వచ్ఛతకే హామీ ఇస్తుంది. హ్యాండ్లూమ్ మార్క్ అయితే చీర చేతిమగ్గం మీద నేసినదని చెబుతుంది. జరీలో వెండి ఉందో రాగి ఉందో ఈ రెండూ చెప్పవు.

ధరను బట్టి కూడా కొంత తెలుస్తుంది. జరీని మార్కుల లెక్కన అమ్ముతారు, మార్కు అంటే దాదాపు 240 గ్రాములు. కంచిపట్టు చీరల అసలు జరీకి చెప్పుకునే ప్రమాణం 40 శాతం వెండి, అర శాతం బంగారం. ఆ లెక్కన అర మార్కు జరీ పట్టిన చీరలో 48 గ్రాముల వెండి, 0.6 గ్రాముల బంగారం ఉండాలి. వెండి కిలో లక్ష రూపాయలనుకున్నా, ఒక్క వెండికే 4,800 రూపాయలు అవుతుంది. బంగారం, పట్టు, రంగు, నేతగాడి మజూరీ, దుకాణం లాభం దాని పైన. ఇంత లెక్క ఉండగా వెడల్పాటి అంచు చీరను ఆరేడు వేలకు ‘ప్యూర్ జరీ’ అని ఇస్తామంటే నమ్మడం మన తప్పే అవుతుంది. అన్నట్టు, ఎర్ర దారం కనబడినంత మాత్రాన మురిసిపోకూడదు, రాగి జరీ లోపలా ఎర్ర దారం పెట్టవచ్చు. చీర ఖరీదైనదైతే, నగల దుకాణాల్లో బంగారం స్వచ్ఛత చూసే ఎక్స్-రే యంత్రం కింద అంచును పెట్టించడమే మేలు. చీర చెడదు, వెండి, రాగి శాతాలు తెలుస్తాయి.

రాగి జరీ చీర కొనడం తప్పని నేను అనడం లేదు. తక్కువ ధరకు వస్తుంది, నాలుగు శుభకార్యాలకు కట్టుకోవచ్చు. నేతగాడినీ తప్పుపట్టలేను, షావుకారు ఇచ్చిన జరీతో నేసి మజూరీ తీసుకోవడం వరకే అతని పాత్ర. నా అభ్యంతరమల్లా రాగి జరీని అసలు జరీ అనిపించేలా అమ్మడం మీదనే. మా బిల్లు మీద ‘పట్టుచీర - 1’ అని తప్ప మరో ముక్క లేదు, అందువల్ల వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా చూపడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేకపోయింది. నగకు క్యారెట్లు, తూకం బిల్లులో రాసినట్టే, చీరకు జరీ వెండిదా, రాగిదా, ప్లాస్టిక్‌దా అన్నది, వెండిదైతే దాని శాతం కూడా, బిల్లు మీద రాసి ఇచ్చే పద్ధతిని ఆంధ్రప్రదేశ్‌లోని ఆప్కో, ఒడిశాలోని బొయనిక వంటి చేనేత సహకార విక్రయశాలలు ముందుగా మొదలుపెట్టాలని, రెండు రాష్ట్రాల చేనేత శాఖలు దాన్ని మిగతా దుకాణాలకూ తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. అంతవరకూ కొనేవారే ఆ మాట అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. వచ్చే మాఘమాసంలో మా రెండో అమ్మాయి పెళ్లి ఉంది. రాసి ఇవ్వని దుకాణంలో ఈసారి మేము చీర తీసుకోము.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా