కార్యదర్శి వార్షిక నివేదిక: ఈ ఏడాది పనులు, లాక్స్‌టన్ యాత్ర

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. మన తెలుగు సంఘం నియమావళి ప్రకారం ఈ ఏడాది కార్యక్రమాల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. వంటల భారం మోసిన అక్కయ్యలకు, శనివారం తెలుగు బడిని ఒక్క వారం కూడా మూయకుండా నడిపిన ఇద్దరు ఉపాధ్యాయులకు, కుర్చీలు సర్దిన పిల్లలకు పేరుపేరునా కృతజ్ఞతలు. ఉగాదికి హాలు ఖాయం చేసిన కార్యాలయం వారం ముందు మాట మార్చింది. మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు.

ఈ ఏడాది పనుల్లో నేను గర్వంగా చెప్పుకొనేది జులైలో జరిపిన లాక్స్‌టన్ యాత్ర. నాటింగ్‌హామ్‌షైర్‌లోనే ఉంటూ మనలో చాలామంది ఈ ఊరి పేరు వినలేదు. కంచెలు లేని ఉమ్మడి పొలాల పాత సేద్యపు పద్ధతి ఇంగ్లండ్‌లో ఊరి కట్టుబాట్లతో సహా ఇంకా సాగుతున్న చోటు ఇదే.

ఒక సభ్యుని తల్లిగారు తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చారు. బస్సు దిగి గోధుమ చేను చూడగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "గట్టు ఏది నాయనా? ఎవరి చెక్క ఎక్కడిదాకానో ఎలా తెలుస్తుంది?" బాట మీదికి వాలిన వెన్ను ఒకటి తుంచి, అరచేతిలో నలిపి, ఊక ఊది, గింజ కొరికి చూశారు. "ఇంకా మెత్తగానే ఉంది, కోతకు మూడు వారాలు పడుతుంది" అన్నారు.

ఆవిడ ప్రశ్నకు జవాబులోనే ఆ ఊరి చరిత్ర ఉంది. ఊరి చుట్టూ వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలు. ఒక్కో రైతుకు మూడింటిలోనూ చెక్కలు, అంటే భూమి ముక్కలు, ఉంటాయి. ఒక పొలంలో చలికాలపు గోధుమ, రెండోదానిలో వసంతంలో విత్తే పైరు, మూడోది బీడు లేదా పశుగ్రాసం. ఏటా ఇవి మారతాయి. నవంబరు చివర జూరీ, అంటే తనిఖీకి ఎంచుకున్న రైతుల బృందం, గోధుమ పొలమంతా తిరిగి, హద్దు కర్రలు పాతుతుంది. బాటనో పచ్చికనో కలిపి దున్నినవారి పేరు రాసుకుంటుంది. వారం తర్వాత ఊరి కోర్టు కూర్చుని జరిమానా వేస్తుంది. 1977 చట్టం ఇలాంటి పాత కోర్టుల అధికారాలను రద్దు చేసినప్పుడు లాక్స్‌టన్‌ను మినహాయించింది. పల్లంలోని పచ్చిక కోతకు ఏటా వేలం పాట కూడా ఉంది. ఈ మాట వినగానే మన పెద్దలందరికీ సొంత ఊరి చెరువు వేలం పాటలు గుర్తొచ్చాయి.

మనకు కనిపించే ఇంగ్లండ్ పల్లె అంటే పొదల కంచెలు, పొలం మధ్య ఒంటరి ఇల్లు. అది అనాదిగా ఉన్నది కాదు. 1604 నుంచి 1914 దాకా 5,200 పైచిలుకు చట్టాలతో 68 లక్షల ఎకరాలకు కంచెలు వేశారు. లాక్స్‌టన్‌లో మాత్రం రైతుల ఇళ్లు నేటికీ ఊరి వీధిలోనే, పొలాలు ఊరి బయటే, మన పల్లెల్లాగే. 1635లో గీసిన పటంలో చెక్కచెక్కకూ కౌలుదారు పేరుంది. తర్వాత చెక్కలను కలిపి పెద్దవి చేశారు, పద్ధతి మాత్రం నిలిచింది. 1952లో ఊరి భూస్వామి మాన్వర్స్ ప్రభువు ఈ పద్ధతిని కాపాడటానికే ఊరి భూములను వ్యవసాయ శాఖకు అమ్మారు. అవి 1981లో రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు, 2020లో తిరిగి మాన్వర్స్ వంశపు థోర్స్‌బీ ఎస్టేట్‌కు చేరాయి. ఎవరి చేతికి వెళ్లినా దున్నుతున్నదీ, జూరీలో కూర్చుంటున్నదీ ఆ ఊరి రైతులే. మన పిల్లలు చూడవలసింది ఇదే అని నేను పట్టుబట్టాను, ఇప్పటికీ అదే అంటాను.

యాత్రకు సాయం చేస్తామని పన్నెండుమంది పేర్లిచ్చారు. ఉదయం బస్సు దగ్గరికి వచ్చినవారు ముగ్గురు. భోజనాల పెట్టెలు ఎక్కించడం నుంచి పెద్దల చేయి పట్టి దించడం దాకా వాళ్లే చేశారు. వారికి సంఘం రుణపడి ఉంది. లాక్స్‌టన్ కోర్టుకు రావలసినవారు రాకపోతే నామమాత్రపు జరిమానా రాస్తారట. మనకు జరిమానాలు వద్దు, రాలేనివారు ముందురోజు ఒక ఫోను చేస్తే చాలు.

లెక్కలు కోశాధికారి పత్రంలో ఉన్నాయి, తనిఖీ అయ్యాయి. బస్సు అద్దె వల్ల కొంత లోటు వచ్చింది, విరాళాలతో సరిపోయింది.

వచ్చే నవంబరులో జూరీ తిరిగే రోజున మళ్లీ వెళ్లాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఆ రోజు బురద ఉంటుంది, బూట్లు అవసరం. నిజంగా రాగలిగిన నలుగురు వాలంటీర్లు సమావేశం ముగిసేలోగా నా దగ్గర పేర్లు రాయించండి.